ఒకే నడుము, మూడు ఉద్యోగాలు: ఒక వెయిట్‌లిఫ్టర్ కేసు

వెయిట్‌లిఫ్టర్‌కి నడుం నొప్పి వస్తే అందరం మొదట బార్‌నే, అంటే బరువులు ఎక్కించి ఎత్తే ఇనప కడ్డీనే, అనుమానిస్తాం. బార్ మానెయ్యమంటాం. ఈ కేసులో అలా మానిపించిన ప్రతిసారీ నొప్పి పెరిగింది. ఎందుకో తెలియాలంటే నడుము ఒక్కటే చూస్తే సరిపోలేదు. ఆవిడ పోటీలు మానేశాక ఏమేం పనులు నెత్తిన వేసుకున్నారో, ఆ పనుల్లో ఒంటికి ఏం జరుగుతోందో కూడా చూడాల్సి వచ్చింది. శ్రీకాకుళంలో ఫిజియోథెరపీ చేస్తున్న నాకు ఈ కేసు చాలా నేర్పింది. తోటి ఫిజియోలకీ, పల్లెల్లో వ్యాయామశాలలు నడుపుతున్న కోచ్‌లకీ పనికొస్తుందని రాస్తున్నాను. ఊరు, మండలం, ఆవిడ ఎత్తిన విభాగం, గెలిచిన పదవి, పార్టీ ఏవీ చెప్పడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను. ఆవిడ చదివి సరేనన్నాకే ఇది బయటికి వస్తోంది.

నేపథ్యం

ఆవిడది వ్యవసాయ కుటుంబం. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచేనాటికి ఈవిడ బడికెళ్ళే పిల్ల. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లో పెట్టడం అదే మొదలు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన ఆమదాలవలస ప్రాంతపు అమ్మాయి కావడంతో, ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడపిల్లని వ్యాయామశాలకి పంపమని ఇంట్లో అడగడానికి కొంత ధైర్యం వచ్చింది. ఈవిడ ఇంట్లో నాయనమ్మ ఒప్పుకోలేదు. బరువులెత్తితే రేపు పిల్లలు పుట్టరంది. తండ్రి ఆ మాట పట్టించుకోకుండా తనే సైకిల్ మీద దింపి వచ్చేవాడు.

రేకుల షెడ్డులో మొదలుపెట్టి జూనియర్, సీనియర్ జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చే దాకా వెళ్ళారు. తనతో పాటు ఎత్తిన వాళ్ళలో కొందరికి స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగాలొచ్చాయి. ఈవిడకి రాలేదు. పెళ్ళయింది. రోజూ పూట తప్పకుండా ప్రాక్టీసు చేసిన మనిషి ఒక్క నెలలో అన్నీ ఆపేశారు. ఆపేటప్పుడు మెల్లగా తగ్గించుకుంటూ రమ్మని చెప్పిన వాళ్ళు లేరు. మన దగ్గర లిఫ్టర్ కెరీర్ ఇలాగే ముగుస్తుంది. ఉద్యోగమో, పెళ్ళో, గాయమో వచ్చిన రోజే ఆఖరి రోజు. దీన్ని ఈ కేసులో మొదటి కారణంగా నేను లెక్కేస్తాను.

ఇద్దరు పిల్లలు పుట్టాక, పాత గురువుగారు పెద్దవారైపోయి వ్యాయామశాల తాళాలు ఆవిడ చేతికిచ్చారు. పటియాలా ఎన్ఐఎస్‌లో (జాతీయ క్రీడా శిక్షణ సంస్థ) ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు చేసి వచ్చి, ఊరి పిల్లలకి నేర్పడం మొదలుపెట్టారు. ఆ పిల్లలు రాష్ట్ర స్థాయిలో గెలవసాగారు. 2021 స్థానిక ఎన్నికలొచ్చేసరికి సీటు మహిళలకి రిజర్వ్ అయింది. ఊళ్ళో అందరికీ తెలిసిన ఆడమనిషి ఎవరని చూస్తే ఈవిడే కనిపించారు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్ళు రాజీనామా చెయ్యకుండా నిలబడలేరు. ఈవిడకి ఆ అడ్డు లేదు. నిలబడ్డారు, గెలిచారు. వ్యాయామశాల మాత్రం వదల్లేదు.

వచ్చిన సమస్య

గెలిచిన ఏడాదికి నా దగ్గరికి వచ్చారు. వయసు ముప్ఫైల మధ్యలో. నడుం కింది భాగంలో నొప్పి, ఎడమ పిర్ర దాకా పాకుతుంది, మోకాలి కిందికి దిగదు. పొద్దున్న లేవగానే బిగుసుకుపోయి ఉంటుంది. కార్లో ఎక్కువసేపు కూర్చుని దిగితే నిటారుగా నిలబడడానికి కొంతసేపు పడుతుంది. పిల్లలకి స్నాచ్ (బార్‌ని ఒక్క ఊపులో తల మీదికి ఎత్తడం) చూపించడానికి వంగినప్పుడు చురుక్కుమంటుంది.

అప్పటికే ఎమ్మారై తీయించుకున్నారు. కింది రెండు డిస్కులూ కొంచెం ఉబ్బాయని రిపోర్టు. వేరే చోట చూపించుకుంటే, ఇక జీవితంలో కిలో బరువు కూడా ఎత్తొద్దన్నారు. నడుముకి బెల్టు ఇచ్చారు. ఆవిడ పొద్దున్న లేచింది మొదలు పడుకునే దాకా ఆ బెల్టు తీయడం లేదు. ట్రాక్షన్ (నడుముని లాగి పట్టే వైద్యం), కరెంటు వైద్యం కొన్నాళ్ళు నడిచాయి. చేయించుకున్న రోజు బాగుండేది, మర్నాటికి మళ్ళీ మామూలే.

ఏం కావాలని అడిగితే "సభల్లో గంటసేపు నిలబడగలిగితే చాలు సార్" అన్నారు. కాసేపాగి అసలు మాట చెప్పారు. "ఎత్తొద్దంటే ఎలగండి? ఆ గుంటలకి నాను సూపించకపోతే ఎవులు సూపిస్తారు?" గుంటలంటే మా వైపు పిల్లలు.

ముందు భయపడాల్సినవి లేవని తేల్చుకున్నాను. మూత్రం, మలం మీద పట్టు ఉంది. తొడల మధ్య తిమ్మిరి లేదు. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలో లేపే నొప్పి లేవు. కాళ్ళ బలం, రిఫ్లెక్సులు మామూలుగా ఉన్నాయి. పడుకోబెట్టి కాలు నిటారుగా లేపితే కాల్లోకి నొప్పి పాకలేదు. అంటే నరం నొక్కుకుపోయిన కేసులా లేదు. నొప్పే లేని 40 ఏళ్ళ వాళ్ళని స్కాన్ చేస్తే దాదాపు సగం మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. పదేళ్ళు బరువులెత్తిన మనిషిలో అది కనిపించకపోతే ఆశ్చర్యపోవాలి. ఆ రిపోర్టు చూసి జీవితాంతం బరువు నిషేధించడానికి నాకు ఆధారం దొరకలేదు. నడుం కండరాలు మాత్రం ఆవిడ ఒకప్పటి స్థాయికి ఎంతో దూరంలో ఉన్నాయి. మంచం అంచున బోర్లా పడుకుని పైశరీరాన్ని గాల్లో నిలపమంటే కొద్దిసేపటికే వణుకు వచ్చింది.

బీపీ చూస్తే 150/96. కాసేపాగి మళ్ళీ చూసినా అంతే. ఎప్పుడూ చూపించుకోలేదట. లిఫ్టర్లు తమకి గుండె, బీపీ జబ్బులు రావనుకుంటారు. పోటీలు మానేశాక కూడా ఆ నమ్మకం పోదు. ఫిజీషియన్ దగ్గరికి పంపించి, నా పని మొదలుపెట్టాను.

నిలబడనివి

మొదట ఇచ్చింది అందరికీ ఇచ్చేదే. పొద్దున, సాయంత్రం ఇంట్లో చాప మీద అరగంట నడుం వ్యాయామాలు. ప్లాంక్, బ్రిడ్జ్, మోకాళ్ళ మీద వంగి చెయ్యీ ఎదురు కాలూ చాపడం. వ్యాయామాల్లో తప్పు లేదు. అవి చెయ్యడానికి ఆ ఇంట్లో చోటే లేదు. తెల్లారి ఐదున్నరకి ఫోన్లు మొదలవుతాయి. ఆరింటికి వరండాలో నలుగురు ఉంటారు. పింఛను ఆగిందనో, కుళాయికి నీళ్ళు రాలేదనో, గట్టు తగాదా అనో. ఊరి ప్రజాప్రతినిధి తలుపేసుకుని చాప మీద పడుకుంటే ఒంట్లో బాగోలేదన్న మాట మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకుతుంది. ఆవిడ ఆ భయం పైకి చెప్పలేదు. చెయ్యడం మానేశారు, అంతే. ఇంకో సంగతి కూడా ఉంది. వంద కిలోల దగ్గర తిరిగిన చేతులకి చాప మీద కాలు లేపడం వ్యాయామంలా అనిపించదు. ఆ మాట పట్టించుకోకుండా మనం రాసే కాగితం దిండు కిందే ఉండిపోతుంది.

తర్వాత వ్యాయామశాలలో చూపించడం ఆపాం. కుర్చీలో కూర్చుని నోటితో చెప్పమన్నాను. నొప్పి పుడుతున్న పనిని కొన్నాళ్ళు పక్కన పెట్టి, శాంతించాక తిరిగి తెచ్చుకోవడం మామూలు పద్ధతి. ఇక్కడ రెండు జరిగాయి. బార్ శరీరానికి దగ్గరగా రాకుండా బయటికి ఊగే అలవాటు చిన్న పిల్లల్లో పెరిగింది, ఎందుకంటే వాళ్ళు విని నేర్చుకునే వయసులో లేరు, చూసి నేర్చుకుంటారు. ఇటు ఆవిడ నడుము కుర్చీలో ఇంకా బిగుసుకుంది. అసలే రోజంతా కార్లో, ఆఫీసులో, సభల్లో కూర్చునే మనిషి. ఉన్న ఒక్క కదలికా పోయింది.

ఆపైన సంక్రాంతి వచ్చింది. ఈ ప్రాంతంలో బలమున్న మనిషి కనిపిస్తే జనానికి బలం కళ్ళారా చూడాలని ఉంటుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్న కథ ఇక్కడ ప్రతి ఇంట్లో వింటారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే ఉంది. పండగ సభలో ఈవిడ మాట్లాడి దిగుతుంటే, పక్కన కుర్రాళ్ళ పోటీ కోసం పెట్టిన సంగిడి రాయి చూపించి "ఒక్కసారి ఎత్తి సూపించు తల్లీ" అన్నారు. రెండు గంటలు కుర్చీలో కూర్చుని లేచిన నడుము, పట్టుచీర, ఒళ్ళు వేడెక్కింది లేదు. ఎత్తారు. చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి మంచం మీద పక్కకి తిరగలేకపోయారు.

మర్నాడు కార్యక్రమాలు ఉన్నాయి. ఊళ్ళో వైద్యం చేసే ఆయన వచ్చి ఇంజెక్షన్ చేశాడు. నొప్పి మందుతో పాటు స్టెరాయిడ్ కలిపిన ఇంజెక్షన్ అది. రెండు రోజులు హాయిగా తిరిగారు. దాని ప్రభావం తగ్గగానే మళ్ళీ చేయించుకున్నారు. అది అలవాటవుతోందని నాకు తెలిసింది ఆవిడ ద్వారా కాదు. వ్యాయామశాలలో పదహారేళ్ళ అమ్మాయి, జిల్లా పోటీకి ముందు మణికట్టు నొప్పికి మేడం చేయించుకునే ఇంజెక్షనే తనకీ కావాలని అడిగిందట. సీనియర్ అమ్మాయి కంగారుపడి నాకు ఫోన్ చేసింది.

ఈ కేసులో నేను అన్నిటికంటే భయపడింది ఇక్కడే. స్టెరాయిడ్ ఇంజెక్షన్ బీపీనీ షుగర్నీ పెంచుతుంది. నొప్పి మాత్రలు రోజూ వాడితే కిడ్నీకి రక్తం తగ్గుతుంది, బీపీ ఇంకా ఎగబాకుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్ళు చితికిపోయాయో ఈ జిల్లాలో పనిచేసే వైద్యులెవరికీ చెప్పనక్కర్లేదు. అలాంటి జిల్లాలో బీపీ ఉన్న మనిషి లెక్కాపత్రం లేకుండా నొప్పి మందులు వాడడం చూస్తూ ఊరుకోలేం. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించాం. మామూలుగా వచ్చింది. ఫిజీషియన్ ఆ మందులన్నీ ఆపించి బీపీకి మాత్ర మొదలుపెట్టారు.

ఆ అమ్మాయికి ఉన్న ప్రమాదం వేరు. ఈ రకం (గ్లూకోకార్టికాయిడ్) స్టెరాయిడ్‌ని ఇంజెక్షన్ రూపంలో ఏ విధంగా తీసుకున్నా పోటీ సమయంలో నిషిద్ధమని 2022 జనవరి 1 నుంచి వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నియమం. మందుని బట్టి అది ఒంట్లో కొన్ని రోజుల నుంచి వారాల దాకా నిలవొచ్చు. నాడా (మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ) పరీక్షలో దొరికితే తెలియక చేయించుకున్నానంటే కుదరదు. ఒంట్లోకి వెళ్ళిన ప్రతిదానికీ క్రీడాకారుడిదే బాధ్యత. మన పక్క జిల్లా వాళ్ళకి ఇది దగ్గరగా తెలిసిన సంగతి. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో, 53 కిలోల విభాగంలో బంగారం గెలిచిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో దొరికింది. విజయనగరం జిల్లా కొండవెలగాడకి చెందిన మత్స సంతోషి కాంస్యం అప్పుడే రజతం అయింది. పతకం పోగొట్టుకున్న ఆ నైజీరియా అమ్మాయికి పదహారేళ్ళు. ఈ మాట నేను ఆవిడ ముందు అన్నప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రమే పిల్లలందర్నీ కూర్చోబెట్టి, తను చేయించుకున్న ఇంజెక్షన్ ఏమిటో, అది తన వయసులో తన బీపీకి ఎందుకు చెడ్డదో, వాళ్ళకి ఎందుకు ప్రమాదమో దాచకుండా చెప్పారు. నాకు ఆవిడ మీద గౌరవం ఎప్పటి నుంచో ఉంది, ఆ రోజు ఇంకా పెరిగింది.

మలుపు

అప్పటిదాకా నేనూ ఆవిడా నొప్పిని బార్ పక్కనే పెట్టి చూస్తున్నాం. ఈసారి రెండు వారాల పాటు రోజంతా రాయమన్నాను. కూర్చున్నదెంత, నిలబడ్డదెంత, కార్లో ఎంత, వ్యాయామశాలలో ఏం చేశారు, రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, మర్నాడు పొద్దున్న నొప్పి పదికి ఎంత. ఇంట్లో వాళ్ళ అమ్మాయి నోటుబుక్‌లో గళ్ళు గీసి ఇచ్చింది. కోచ్‌గా చేసినవి ఒక రంగు, పదవి పనులు ఇంకో రంగు, ఇంటి పనులు మూడో రంగు.

ఆ నోటుబుక్ చూశాక నా ఆలోచన మారింది. వ్యాయామశాలలో ఎక్కువసేపు గడిపిన రోజుల తర్వాత నొప్పి తక్కువగా ఉంది. గ్రామసభ, ఆ వెంటనే రెండు పెళ్ళిళ్ళు, ఒక దినం, కలెక్టరాఫీసు ప్రయాణం ఉన్న రోజుల తర్వాత ఎక్కువగా ఉంది. అన్నిటికన్నా చెడ్డ రోజుల్లో ఒకే వరస కనిపించింది: పొద్దుటి నుంచి కూర్చోవడం, సాయంత్రం కారు దిగి నేరుగా వ్యాయామశాలకి, చెప్పులు విప్పి బార్ దగ్గరికి, ఒళ్ళు వేడెక్కకుండానే చూపించడం. ఎక్కువసేపు వంగి కూర్చుంటే వెన్ను వెనక ఉండే కట్టుతంతులు (లిగమెంట్లు) సాగి వదులవుతాయి, కండరాలు వెంటనే స్పందించవు. అలాంటి నిమిషాల్లో వంగి ఎత్తడం నడుముకి మంచిది కాదు. సంక్రాంతి సభలో జరిగిందీ ఇదే.

నోటుబుక్ చూపించని ఇంకో సంగతి వ్యాయామశాలకి వెళ్ళి చూస్తే తెలిసింది. పోటీలో వాడే పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు. అది ఎక్కించినప్పుడే బార్ నేల నుంచి ఉండాల్సిన ఎత్తులో ఉంటుంది. పిల్లలకి చూపించడానికి ఆవిడ ఖాళీ బార్ వాడుతున్నారు, లేదా చిన్న ఇనప ప్లేట్లు. బార్ ఎక్కడో పాదాల దగ్గర ఉంటుంది. 15 కిలోలే కదా అని రోజూ ఇరవై ముప్ఫై సార్లు పోటీలో కన్నా లోతుగా వంగుతున్నారు. బరువు తక్కువ, వంపు ఎక్కువ. అందరూ ఆవిణ్ణి పెద్ద బరువులకి దూరంగా ఉండమన్నారు, నడుముని సతాయిస్తున్నది చిన్న బరువులే.

పనిచేసినవి

బార్‌ని తిరిగి ఆవిడ చేతికిచ్చాను. చూపించడానికి కాదు, తన కోసం. ఈ నిర్ణయం తీసుకోవడానికి మూడు సంగతులు ధైర్యమిచ్చాయి. నరం లక్షణాలు లేవు. బీపీ మాత్రతో అదుపులోకి వస్తోంది. నొప్పికి కారణం బలం మించిన బరువు కాదు, బలం తగ్గిన నడుముకి ఒళ్ళు వేడెక్కకముందే పడుతున్న పని. అలాంటప్పుడు బలం తిరిగి తేవడమే వైద్యం. ఆవిడకి బాగా తెలిసిన పద్ధతిలో తేవడం ఇంకా మంచిది.

ఎక్కడ మొదలుపెట్టాలో ఆవిడ భాషలోనే మాట్లాడుకున్నాం. పోటీలో ప్రతి లిఫ్ట్‌కీ మూడు అవకాశాలుంటాయి. మొదటి దానికి, ఒంట్లో బాగోని రోజున కూడా తప్పకుండా లేచే బరువు పెడతారు. దాన్ని ఓపెనర్ అంటారు. "మీ నడుముకి ఇవాళ ఓపెనర్ ఎంత?" అని అడిగాను. పాత రికార్డులు పక్కన పెట్టి నిజాయితీగా ఆలోచించారు. "ఇరవై ఐదు సార్, అదీ దిమ్మల మీంచి" అన్నారు. ఊరి వడ్రంగితో చెక్క దిమ్మలు చేయించి, బార్‌ని మోకాలి ఎత్తుకి లేపి, అక్కడి నుంచి డెడ్‌లిఫ్ట్ (బార్‌ని పట్టుకుని నిటారుగా లేవడం) మొదలుపెట్టాం. నియమం ఒకటే. ఎత్తుతున్నప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున్నకి మునుపటి స్థాయికి దిగిపోవాలి. దిగితే వచ్చే వారం కొంచెం పెంచుతాం. దిగకపోతే అక్కడే ఆగుతాం, మానం. బీపీ కుదుటపడే దాకా ఊపిరి బిగబట్టి ఎత్తడం వద్దన్నాను. పైకి లేపేటప్పుడు ఊపిరి వదలాలి.

మూడో వారానికి ఆవిడకి తొందర పుట్టింది. ఒకేసారి ఇరవై కిలోలు పెంచుతానన్నారు. సిడ్నీలో మల్లీశ్వరి చివరి ప్రయత్నం మన లిఫ్టర్లందరికీ కంఠస్థం. స్నాచ్ 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి ఎత్తడం) 130, మొత్తం 240. బంగారం, రజతం గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5. బంగారం కోసం ఆఖరి ప్రయత్నంలో 137.5 పెట్టారు, లేవలేదు. ఆ రోజు మల్లీశ్వరికి తర్వాత ఇంకో ప్రయత్నం లేదు కాబట్టి అంత పెంచడంలో అర్థం ఉంది. మీకు వచ్చే సోమవారం ఉంది కదా అన్నాను. రెండున్నర కిలోలకి ఒప్పుకున్నారు.

ఏ వేళప్పుడు ఎత్తాలన్నది తేలడానికి టైం పట్టింది. సాయంత్రం ఆవిడ చేతిలో లేదు. తెల్లవారుజాము ఉంది, కానీ రాత్రంతా పడుకున్నాక డిస్కులు నీరు పీల్చి ఉబ్బి ఉంటాయి, లేచిన మొదటి గంటలో లోతుగా వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. అందుకని నాలుగున్నరకి లేచి, వ్యాయామశాలకి నడిచి వెళ్ళి, మొదట నిలబడి చేసేవి చేసి, నేల మీంచి ఎత్తే పని ఆఖర్న పెట్టాం. చాప మీద చెయ్యని ప్లాంకులు, బ్రిడ్జిలు అన్నీ పిల్లల వార్మప్‌లో కలిపేశాం. పిల్లలతో పాటు ఆవిడా చేస్తారు. దాన్ని ఎవరూ వైద్యం అనుకోరు. ఫోన్ అప్పటిదాకా భర్త దగ్గర ఉంటుంది.

భర్త గురించి ఒక మాట రాయాలి. మంచి మనిషి. పదవి పనులన్నీ తనే తిరిగి చేస్తానని, ఆవిడ సంతకాలు పెడితే చాలని మొదట్లోనే అన్నాడు. బంధువులందరూ అదే మంచిదన్నారు. నడుం ఒక్కటే చూస్తే నేనూ అదే రాసిచ్చి ఉండొచ్చు, ఎందుకంటే నోటుబుక్‌లో నొప్పి ఎక్కువ తెచ్చిన రంగు అదే. ఆవిడ ఒప్పుకోలేదు. నేనూ ఆ సలహా ఇవ్వలేదు. మన ఊళ్ళలో గెలిచిన ఆడవాళ్ళ కుర్చీలో భర్తలు కూర్చోవడం రోజూ చూస్తున్నదే. అనారోగ్యం పేరుతో ఒక ఆడమనిషి పదవిని ఇంకొకరికి అప్పజెప్పే చీటీ రాయడం ఫిజియో పని కాదని నా గట్టి నమ్మకం. పని తగ్గించడం కన్నా పనిలో కూర్చునే తీరు మార్చడం మీద దృష్టి పెట్టాం. కార్లో ముప్పావుగంటకోసారి దిగి వీధిలో నడుస్తారు. ఓటర్లకి అది పలకరింపు, నడుముకి విశ్రాంతి. వేదిక మీద మాట్లాడేటప్పుడు ఒక కాలు చిన్న మెట్టు మీద పెట్టుకుంటారు. గ్రామసభలో చాలాసేపు నిలబడే మాట్లాడతారు. పగలంతా పెట్టుకునే బెల్టుని మెల్లగా తగ్గించి, రెండు నెలల్లో పూర్తిగా తీసేశాం.

చూపించడం మానలేదు, పద్ధతి మార్చాం. దిమ్మల మీద పెట్టిన బార్‌తోనే, ఒళ్ళు వేడెక్కాకే. సాయంత్రం కారు దిగి వచ్చిన రోజున మొదటి పావుగంట బార్ ముట్టుకోకుండా పిల్లల్ని చూస్తూ నడవాలి. బరువు పెట్టి చూపించాల్సింది సీనియర్ అమ్మాయి చూపిస్తుంది, ఫోన్‌లో స్లో మోషన్ తీసి ఆవిడ తప్పు ఎక్కడో చెబుతారు. బార్ ఎక్కడ దూరంగా పోతోందో పిల్లలకి కళ్ళకి కట్టింది. మేడం ఒంటితో చూపించిన రోజుల కన్నా కొందరు త్వరగా సరిచేసుకున్నారు.

సభల్లో ఎత్తమని అడిగేవాళ్ళ సంగతి ఆవిడే తేల్చుకున్నారు. నేను ఊహించని దారి అది. ఇప్పుడు ఏ ఊళ్ళో అడిగినా, వెంట వచ్చిన ఇద్దరు పిల్లల్ని ముందుకి పిలిచి, వార్మప్ చేయించి, వాళ్ళ చేత ఎత్తిస్తారు. "నా బలం చూశారు కదా, ఇప్పుడు వీళ్ళది చూడండి" అంటారు. ఆ పిల్లల తల్లిదండ్రులు ముందు వరసలో కూర్చుంటారు.

ఎక్కడికి వచ్చింది

ఏడో నెలలో నేల మీంచి పూర్తి ఎత్తులో 60 కిలోల పుల్ (బార్‌ని నేల మీంచి పైకి లాగడం) నొప్పి లేకుండా చేశారు. పొద్దుటి బిగువు చాలా వరకు పోయింది. బీపీ మాత్ర కొనసాగుతోంది, అది తీసేసే ఆలోచన ఫిజీషియన్‌కి లేదు. ఏడాదిలో రెండుసార్లు నొప్పి తిరగబెట్టింది. రెండూ వరస ప్రయాణాల తర్వాతే. రెండుసార్లూ ఇంజెక్షన్ లేకుండా, బరువు సగానికి తగ్గించి, మూడు నాలుగు రోజుల్లో దారికి తెచ్చుకున్నారు. నొప్పి మళ్ళీ రాకపోవడం కన్నా, వచ్చినప్పుడు భయపడకుండా ఏం చెయ్యాలో ఆవిడకి తెలియడాన్నే నేను అసలు ఫలితంగా చూస్తాను.

ఈ కేసు తర్వాత, పోటీలు మానేసిన లిఫ్టర్ ఎవరు వచ్చినా మొదట ఎలా మానేశారని అడుగుతున్నాను. ఒక్కసారిగానా, మెల్లగానా? ఇప్పుడు రోజంతా ఏం పని, అందులో ఎన్ని గంటలు కుర్చీలో? కోచ్ అయితే ఏ ఎత్తు నుంచి చూపిస్తున్నారు? నొప్పికి ఏం వాడుతున్నారు, అది చూస్తున్న పిల్లలు ఎంతమంది? ఆఖరి ప్రశ్నకి చాలామంది తడబడతారు. చేయగలిగితే వ్యాయామశాలకి ఒకసారి వెళ్ళి కూర్చోండి. క్లినిక్‌లో వంద పరీక్షలు చేసినా ఆ చిన్న ప్లేట్ల సంగతి నాకు తెలిసేది కాదు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వ్యాయామశాలలు చాలావరకు ఒక్క మనిషి మీద నడుస్తున్నాయి. ఆ మనిషికి ఇంకో పదవి వస్తే ఊరంతా సంతోషిస్తుంది. ఆ మర్నాడు పొద్దున్న పిల్లలకి ఎవరు నేర్పుతారో మాత్రం ఆలోచించరు. ఆ సీనియర్ అమ్మాయిని ఎన్ఐఎస్ సర్టిఫికెట్ కోర్సుకి పంపించాలని ఈవిడ పట్టుబట్టారు, ఖర్చు ఊళ్ళో వాళ్ళే తలా కొంత వేసుకున్నారు. ఇప్పుడు వారంలో మూడు సాయంత్రాలు ఆ అమ్మాయివే.

వచ్చే ఎన్నికల్లో నిలబడతారో లేదో ఆవిడ ఇంకా తేల్చుకోలేదు. శరీరం అడ్డు కాదని చెప్పాను. నిలబడేటట్టయితే ప్రచారానికి రెండు నెలల ముందు రమ్మన్నాను. రోజుకి ఎన్ని ఊళ్ళు తిరగాలి, మధ్యలో ఎక్కడ దిగి నడవాలి, రాత్రి ఎన్నింటికి ఆపాలి, పొద్దుటి బార్ ఏ రోజుల్లో తగ్గించాలి, బీపీ ఎవరు చూస్తారు, ఇవన్నీ ముందే కాగితం మీద పెట్టుకుంటాం. ప్రచార బండిలో వెంట ఉండే కుర్రాళ్ళకి కూడా ఆ కాగితం ఒకటి ఇస్తారట.